చిప్పెడు జీడిపప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ‘తిక్కది’ అనేవారు. నీళ్ళకు పంపితే బిందె గట్టు మీద వదిలేసి తూనీగల వెంట పోయేదాన్నని, పొయ్యి దగ్గర కూర్చోబెడితే అన్నం మాడ్చేదాన్నని. మాడ్చేదాన్నే, కాదనను. కానీ అదంతా కావాలని చేశానని తేల్చేసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ళలో చాలామంది పోయారు. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

పలాస షావుకారు మా ఉద్దానం ఊళ్ళకు జీడిపప్పు పంపేవాడు. జీడిపిక్కలు కాల్చి కొట్టడం అక్కడే అయిపోయేది. పప్పు మీది ఎర్ర పొట్టు ఒలిచే పని మా ఇళ్ళలో ఆడవాళ్ళది. గింజ బద్దలుగా విరక్కుండా గుండుగా రావాలి. ఆ రోజు మా నాయనమ్మ చాటెడు పప్పు నా ముందు పెట్టి, పక్కన ఒక పసుపుకొమ్ము కూడా పెట్టింది. తిక్కకు వాతే మందని మావాళ్ళ నమ్మకం. కొమ్మును దీపానికి కాల్చి ఒంటికి అంటించేవారు.

“పొద్దు గూకేలోపు ఒలిసెయ్యి. లేపోతే సేతికి వాతే” అని పొలానికి వెళ్ళిపోయింది.

ఆ కుప్పను చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పదో పన్నెండో ఒలిచాను. గోడ మీద చీమల బారు కనిపించింది. దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. ఎండ వసారాలోకి వచ్చేసింది, చాట నిండుగా అలాగే ఉంది. గట్టిగా ఏడ్చాను.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. ఏమీ తిట్టలేదు. చాటను నాకు కనబడకుండా తలుపు వెనక్కి నెట్టి, ఒక కొబ్బరి చిప్పలో గుప్పెడు పప్పు పోసి నా చేతికిచ్చింది. తన ఇంటి పప్పు తెచ్చుకుని పక్కన కూర్చుంది.

“ఈ సిప్ప ఒక్కటే నీది. నా పప్పు నానొలుసుకుంతాను. అయిపోనాక కొబ్బరిసెట్టు కాడికి పరిగెత్తుకెల్లొచ్చి మల్లీ కూకో” అంది.

చిప్ప ఖాళీ చేశాను, పరిగెత్తాను, వచ్చాను. అక్క అక్కడే ఉంది. మళ్ళీ నింపింది. నా పప్పులో ఒక్క గింజ కూడా ఆమె ఒలవలేదు. పొద్దు ఇంకా ఉండగానే చాట అడుగు కనబడింది. ఆ రోజు నా అంత గొప్పది ఊళ్ళో లేదనుకున్నాను.

నాయనమ్మ వచ్చి పప్పంతా వేళ్ళతో కెలికి చూసింది. వంక దొరకలేదు.

“మనిసి పక్కన కూకుంటే సేసింది. ఒక్కతే సేత్తాదేటి? తిక్క తిక్కలాగే ఉంది” అని దీపం వెలిగించింది. అక్క అడ్డం వస్తే, “మా ఇంటి ఆడగుంట, మా ఇట్టం” అని తోసేసింది. ఎడమ మణికట్టు మీద ఆ వాత మచ్చ ఇప్పటికీ ఉంది.

మొన్న నా కోడలితో కలిసి మనవరాలిని టెక్కలిలో కౌన్సెలింగుకు తీసుకెళ్ళాను. పుస్తకం ముందు పట్టుమని పది నిమిషాలు కూర్చోలేని దాని తీరును ఏడీహెచ్‌డీ అంటారట. పుట్టుకతోనే వస్తుందట, ఆడపిల్లల్లో అయితే చాలాసార్లు పెద్దయ్యేదాకా ఎవరూ పోల్చుకోరట. పనిని చిన్న చిన్న ముక్కలు చెయ్యండి, మధ్యలో లేవనివ్వండి, పక్కన ఎవరో ఒకరు కూర్చోండి అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బడి మొహం చూడని మా పక్కింటి అక్కకు తెలిసిన సంగతి, నా జీవితమంతా ఇంకెవరికీ ఎందుకు తెలియలేదు?

తిరుగు బస్సులో కోడలు పెదవి విరిచింది. “పక్కన కూకుంటే ఎవులైనా సదువుతారు. ఒక్కతే సదవాలి గానీ” అంది.

గాజులు పైకి తోసి నా మణికట్టు ఆమె ఒళ్ళో పెట్టాను. “ఇదీ ఆ మాటకే పడ్డాది. సూడు” అన్నాను. కోడలు ఆ మచ్చను వేలితో తడిమి, నా గాజులు మళ్ళీ కిందికి దించింది.

ఇప్పుడు సాయంత్రం మనవరాలు పుస్తకం తీస్తే, నేను చిక్కుడుకాయలు ముందేసుకుని పక్కన కూర్చుంటాను. ఒక పేజీ అవగానే అది వీధిలోకి పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి నేను అక్కడే ఉంటాను.