జేబు కనపడని చొక్కా

మా సారు పోయారని మొన్న పొద్దున మా ఆయన వచ్చి చెప్పారు. నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, గీతల చొక్కా.

అమీర్‌పేటలో మా ఆయన పనిచేసే జిరాక్స్ దుకాణం పైఅంతస్తులో సారు కంప్యూటర్ మీద మ్యాపులు గీయడం నేర్పేవారు. సందు నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులున్న రోజులవి. ఆయన గీతల చొక్కాలే వేసేవారు. కొనేముందు జేబు చూసేవారు. జేబు గీత చొక్కా గీతలో కలిసిపోవాలి. "జేబు ఉండాలె, కనపడొద్దు" అనేవారు. మా ఆయన్ని చూస్తే, "ఏందయ్యా, నువ్వొక దిక్కు, నీ జేబొక దిక్కు పోతున్నరు?" అని నవ్వేవారు.

నేను ఏడో తరగతితో ఆపేశాను. ఎవరైనా పలకరిస్తే తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. నన్ను కూడా చేర్చుకోమని మా ఆయన అడిగితే సారు, "చదువు సంగతి తర్వాత. ఒక మ్యాపు ఇస్త. మంచిగొస్తే ఉంటది, లేకుంటే లేదు" అన్నారు. ఆ గదిలో నాకిచ్చిన కుర్చీ పోతే నలుగురిలో కూర్చునే ధైర్యం నాకు మళ్లీ రాదని తెలుసు.

నాకిచ్చింది పంజాగుట్ట మ్యాపులో ఒక ముక్క. కంప్యూటర్‌లో ఇళ్లన్నీ ఒక పొర మీద, దుకాణాలన్నీ దానిపై ఇంకో పొర మీద ఉంటాయి. రెండింట్లోనూ ఏటవాలు గీతలే నింపాలి, రంగు మాత్రం వేరు. నింపాను. రెండూ కలిసే హద్దు దగ్గర గీతలు తెగిపోయి కనిపించాయి. చాలాసేపు కుస్తీ పట్టి, చివరికి ఇళ్లన్నింటినీ పట్టి కాస్త పక్కకు జరిపాను. గీతలు కలిశాయి.

సారు వచ్చి చూశారు. "గీతలు మస్తు కలిసినయ్. మరి ఇండ్లేడికి పోయినయ్?"

జరిపిన చోటు వేలితో చూపించాను.

"జరిపినవా? అమ్మా, పంజాగుట్టోళ్లు పొద్దుగాల తలుపు తీస్తే నడిరోడ్డు మీదుంటరు!"

గదంతా నవ్వింది. నేను లేచాను.

"ఏడికి? కూసో. జేబు కలుస్తలేదని దర్జీ మనిషిని జరుపుతడా? గుడ్డని జరుపుతడు."

ఇళ్లను వాటి చోట పెట్టించారు. ఏ పొర గీతలు ఆ పొర మూల నుంచి మొదలవుతాయట, అందుకే తెగుతాయట. రెండు పొరలకూ గీతలు మొదలయ్యే చుక్క ఒక్కటే ఇమ్మన్నారు. ఇచ్చాను. ఒక్క ఇల్లూ కదల్లేదు. గీతలు ఇళ్లలోంచి దుకాణాల్లోకి, రంగు మార్చుకుని, తిన్నగా నడిచి వెళ్లాయి.

"ఎవ్వరు చెప్పకుంటనే తెగిన గీత నీకు కనపడ్డది. అది నేర్పితే రాదు. మిగిలింది నేను నేర్పుత. రేపు రా" అన్నారు.

ఇప్పటికీ మా గదిలో ఆ పనిని 'జేబు కలపడం' అనే అంటాం. కొత్తవాళ్లకు అది చూపించేది నేనే. తలెత్తి, గట్టిగానే చెబుతాను.

నిన్న బోరబండలో సారు వాళ్లింటికి వెళ్లాం. తలుపు వెనక కొక్కేనికి ఆయన చొక్కా ఉంది. "ఉతకబుద్ధయితలేదు బిడ్డా" అన్నారు సారు భార్య.

చాలాసేపు చూశాను. జేబు కనపడలేదు. గీతల మధ్య ఆయన పెన్ను ఒక్కటే, దేన్నీ పట్టుకోనట్టు నిలబడి ఉంది.