కళ్లు మూసుకుంటే పిలవకూడదు

మా చిన్నప్పుడు... శంషాబాద్‌లో మాది ఒకటే గది. ముందు వసారాలో బాపు కుట్టుమిషను. గడప లోపల అమ్మ, ఒళ్లో జాకెట్లు, చేతిలో కాజాల సూది. పెళ్లిళ్ల కాలం వస్తే ఇద్దరికీ తల ఎత్తే తీరిక ఉండేది కాదు. వాళ్ల మధ్యలో పాకుతూ, కత్తెర కోసం చేయి చాపుతూ మా చిన్న తమ్ముడు సునీల్...

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటికి పెద్దదాన్ని. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఊరికే వెళ్లేవారు కాదు. "పెద్దపిల్లను బడి బంద్ పెట్టరాదే అన్నా, పోరన్ని చూస్కుంటది" అనేవారు.

బాపు మిషను ఆపకుండానే, "అది సదువుకుంటది. వీన్ని కన్నది మేము, మేమే చూస్కుంటం" అనేవాడు.

చూసుకున్నారు కూడా. అమ్మ పొయ్యి దగ్గరికి వెళితే వాడు బాపు ఒళ్లో. బాపు బట్ట కత్తిరిస్తుంటే అమ్మ దగ్గర. ఇద్దరికీ చేతినిండా పని ఉన్నప్పుడు అమ్మకు ఒక ఉపాయం ఉండేది.

ఎవరైనా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే పిలవకూడదు, ముట్టుకోకూడదు... ఇది మా ఇంటి కట్టుబాటు. వాడు వచ్చి కొంగు లాగగానే అమ్మ సూది పక్కన పెట్టి కళ్లు మూసుకునేది. వాడు చేతులు జోడించి బుద్ధిగా కూర్చునేవాడు. "ఆమెన్" అనగానే వాడి నోట్లో ఒక బెల్లం ముక్క. అంతటితో లాగడం మరిచిపోయి తన ఆటలో పడేవాడు.

ఉపాయం అన్నాను గానీ... అమ్మ నిజంగానే ప్రార్థించేది. పెదవులు కదలడం నేను చూసేదాన్ని.

ఆ సునీల్‌కు ఇప్పుడు కొడుకు. పేరు జోయెల్, మూడో ఏడు నడుస్తోంది. సునీల్, మరదలు కీర్తన ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే, ఇద్దరూ శంషాబాద్‌లోని ఇంటి నుంచే. ఒక గదిలో అతని మీటింగ్, ఇంకో గదిలో ఈమె మీటింగ్, నడుమ హాల్లో వీడు. విమానం వినిపిస్తే చాలు, కిటికీ దగ్గరికి పరుగు.

నేను మైలార్‌దేవ్‌పల్లి నుంచి వెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తుంటాను. జోయెల్‌కు మా ఇంటి కట్టుబాటు నేర్పింది నేనే. బెల్లంతో సహా.

"మా బాస్‌కు గూడ నేర్పియ్ అక్కా, నేను కళ్లు మూస్కుంటే పిలవొద్దని" అని సునీల్ నవ్వేవాడు.

నవ్వులాట అలా ఉండగానే కీర్తన కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఇకపై రోజూ ఆఫీసుకు రావాలట. ఆఫీసు ఊరికి ఆ చివర. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు. కీర్తన వాళ్లమ్మ బడంగ్‌పేట్ నుంచి ఫోన్ చేసి, "నౌకరి ఇడ్సిపెట్టు బిడ్డా. పిల్లగాడు మళ్ల చిన్నగైతడా?" అంది.

"ఇడ్సిపెడితే ఇసొంటి నౌకరి మళ్ల దొర్కుతదా అమ్మా?" అంది కీర్తన.

ఆ వారమే కంప్యూటర్ మీటింగ్‌లో పెద్ద ఆఫీసర్లకు తన పని చూపించాలి. అది బాగా జరిగితే, పిల్లవాడు బడికి వెళ్లేదాకా ఇంటి నుంచే చేస్తానని అడగాలనుకుంది. సునీల్ ఆ పూట సెలవు పెట్టాడు. కానీ సరిగ్గా ఆ సమయానికే అతని ఆఫీసు నుంచి ఫోన్. "అక్కా, జర వీన్ని చూడవా" అంటూ పక్క గదిలోకి వెళ్లాడు. నేను పొంగుతున్న పప్పు దింపి తిరిగేసరికి జోయెల్ లేడు.

వాళ్లమ్మ దగ్గరున్నాడు. చేయి పట్టి లాగుతున్నాడు. కెమెరాలో పడతానని నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

కీర్తనకు ఏం తోచిందో... మాట ఆపి కళ్లు మూసుకుంది.

వాడు టక్కున కింద కూర్చుని చేతులు జోడించాడు. అవతల అందరూ నెట్ ఆగిపోయిందనుకున్నట్టున్నారు. "కీర్తనా, వినిపిస్తోందా?" అని ఎవరో పిలుస్తున్నారు. వీడు ఎంతసేపని ఆగుతాడు?

"ఆమెన్! అమ్మా, బెల్లం!"

నేను నేర్పిన పనికి ఆ పిల్ల నౌకరి పోతుందేమోనని నిలబడ్డచోటే ప్రభువును తలచుకున్నాను.

కీర్తన కళ్లు తెరిచింది. తడబడుతుందనుకున్నాను. వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. "మా బాబు సార్. కళ్లు మూసుకుంటే నన్ను పిలవడు. ఇంకా కొంచెం ఉంది, చెప్పేస్తాను" అని, ఆపిన చోటి నుంచే అందుకుంది. ఈలోగా సునీల్ చెవిలో ఫోన్‌తోనే వచ్చి, "దా బిడ్డా, మనం నా మీటింగ్‌ల కూసుందాం" అని కొడుకును భుజాన వేసుకుని వెళ్లాడు.

చివర ఒక పెద్దాయన, "రోజూ ఇంతేనా అమ్మా?" అని అడిగాడు.

"రోజూ ఇంతే సార్. పని మాత్రం ఏ రోజూ ఆగలేదు. అందుకే ఇంటి నుంచే చేయనివ్వమని అడుగుతున్నాను."

మరుసటి వారం జవాబు వచ్చింది. వారానికి ఒక్కరోజు ఆఫీసుకు వస్తే చాలన్నారు. ఆ రోజు వాడి స్నానం, బువ్వ, నిద్ర అన్నీ సునీల్‌వే. నన్ను రమ్మని కూడా పిలవడు. కీర్తన వాళ్లమ్మకు ఫోన్‌లో, "నేనేం ఇడ్సిపెడ్తలేనమ్మా" అంటుంటే పక్క గదిలో ఉన్న నాకే కడుపు నిండిపోయింది.

మా రోజుల్లో అమ్మానాన్నలు పని చేస్తుంటే చూస్తూ పెరిగాం... వాళ్ల చేతుల నొప్పి తెలిసేది, చేసిన పని కంటికి కనిపించేది. తర్వాత పని ఇల్లు దాటి దూరం పోయింది. పిల్లలకు వాళ్ల అలసట ఒక్కటే ఇంటికి వచ్చేది. జోయెల్ మాత్రం ఇద్దరినీ చూస్తూ పెరుగుతున్నాడు. దేవునికి స్తోత్రం.

మీ ఇంట్లో పని చేస్తూనే పిల్లల్ని పెంచినవాళ్లు ఎవరు? మీకు గుర్తున్న ఒక్క సంగతైనా చెప్పండి... తీరిగ్గా చదువుకుంటాను.