మేకుకు వేలాడిన బిళ్ళ

కిందటి ఆదివారం కిష్టారెడ్డిపేటలో మా అమ్మాయి ఇంట్లో టీవీలో ఒక నేరకథా చిత్రం చూశాము. అందులో ఒకడు రైలులో తన సీటు మరొకడికిచ్చి బతికిపోతాడు. హంతకుడు ఆ సీటులో ఉన్నవాణ్ణి పొడుస్తాడు. "గంతే తాతా, ఎవ్వని నొసట ఏం రాసుంటే గదే," అంది మనవరాలు పల్లీలు నములుతూ. లేచి బాల్కనీలోకి వెళ్లాను. కోపమొచ్చిందనుకున్నారు. సగం కోపమే, మిగతా సగం భయం.

ఎనభైల్లో మా అక్కాబావలు పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ వెనక కిరాయి ఇంట్లో ఉండేవారు. నేనూ వాళ్లతోనే ఉంటూ సంగారెడ్డిలో ఉద్యోగానికి వెళ్లివచ్చేవాణ్ణి. బావకు నేరకథా చిత్రాలంటే ప్రాణం. హంతకుడెవరో విరామానికి ముందే ప్రకటించి చుట్టుపక్కలవాళ్ల తిట్లు తినేవాడు. రోజూ డైరీ రాసే నన్ను చూస్తే ఆయనకు నవ్వు. "ఏంది బామ్మర్దీ, కూర ఏం వండిన్రో గూడ రాస్తవా?" అనేవాడు. రాసేవాణ్ణి, అది వేరే సంగతి.

బావ పనిచేసే ఆ ఫ్యాక్టరీలో ప్రతి కార్మికుడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి వెళ్తూ దాన్ని గేటు దగ్గరి పలకపై మేకుకు తగిలించాలి, బయటికొస్తూ తీసుకోవాలి. సినిమా మోజు పుట్టినవాడు తన బిళ్ళను షిఫ్టు దిగిన స్నేహితుడి చేతిలో పెట్టి జారుకునేవాడు. ఆ స్నేహితుడు వీడి పేరున మళ్లీ లోపలికి వెళ్లేవాడు. షిఫ్టు మారే హడావిడిలో కాపలావాళ్లు బిళ్ళలు చూసేవారు, ముఖాలు కాదు. ఇళ్లలో మాకెవరికీ ఈ సంగతి తెలియదు.

నాకు సెలవైన ఒకనాటి మధ్యాహ్నం బావ డ్యూటీకని వెళ్లాక పెద్ద చప్పుడైంది. తలుపులు వణికాయి. గొంతు మండించే పసుపు పొగ వీధిలోకి పాకింది. నేనూ అక్కా గేటుకు పరిగెత్తాము. కాపలావాడు పలక చూసి తల దించుకున్నాడు. "బిళ్ళ ఈడ్నే ఉందక్కా. లోపల్నే ఉన్నడు."

అక్క కూలబడింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పక్కింటావిడ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఏడవకండి వదినగారూ. మా ఆయనది పొద్దుటి షిఫ్టు, ఈపాటికి బజార్లో కబుర్లు చెబుతుంటారు. రానివ్వండి, ఆయన్నే పంపి అన్నయ్యగారిని బయటికి తెప్పిద్దాం."

అంతలో రోడ్డు మీద బావ, చెప్పుల్లేకుండా, పరుగున. సినిమా హాల్లో బొమ్మ ఆపి, ఫ్యాక్టరీవాళ్లు వెంటనే గేటుకు రావాలని గాజు పలకపై రాసి తెర మీద చూపించారట. అక్క అక్కడే కూర్చుని ఆయన కాళ్ల మీద గుద్దింది. "ఏడికి పోయినవ్? నా పానం తీసినవ్ గదా!"

"చూశారా, చెప్పానుగా!" అంది పక్కింటావిడ నవ్వుతూ.

బావ అక్కను చూడలేదు. పలక మీద వేలాడుతున్న తన బిళ్ళను చూశాడు, తర్వాత ఆవిడను.

"ఏంటన్నయ్యగారూ, అలా చూస్తారేంటి?"

బావ మళ్లీ పలక వైపు చూశాడు. ఆవిడ కూడా పలక వైపు తిరిగింది. ఆవిడ చెయ్యి ఇంకా అక్క భుజం మీదే ఉంది.

బావ బిళ్ళతో లోపలికి వెళ్లిన ఆవిడ భర్త శవంగా బయటికొచ్చాడు. చనిపోయినవాడి సొంత బిళ్ళ పలక మీద లేదు గనుక అతడు డ్యూటీలోనే లేడని యాజమాన్యం వాదించింది! బావ వెళ్లి జరిగింది సంతకం పెట్టి చెప్పాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అర్జీలన్నీ నేనే రాశాను. ఆవిడకు న్యాయం జరిగేసరికి పసిబిడ్డగా ఉన్న ఆవిడ కూతురు బడికి పోతోంది. బావ మళ్లీ సినిమా హాలు గడప తొక్కలేదు.

నొసటి రాతట! బిళ్ళ చేతులు మారడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఫ్యాక్టరీలో పైపు కారుతోందని బావ అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు మొత్తుకున్నాడో నా డైరీల్లో ఉంది. దానికి గుడ్డపేలిక చుట్టి నడిపించినవాడు విధి కాదు, మనిషి.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నా మటుకు అది ఆ గేటు దగ్గరే నిలబడి ఉంది, అక్క భుజం మీద నుంచి ఆ చెయ్యి జారే క్షణానికి కాస్త ఇవతల.