తరిగొప్పుల కరెంట్ టైమ్

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. చీకటికి భయపడను, శకునాలు చూడను. పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ప్రతి తప్పుకూ ఒక కారణం ఉంటుందని, ఓపికగా వెతికితే అది దొరుకుతుందని నా నమ్మకం. ఒక్కసారి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అది మా బాపు ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి ఒక్క మాట కూడా కల్పించకుండా చెబుతాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. అప్పటికి జనగామ ఇంకా జిల్లా కాలేదు. స్టేషన్‌కు పోయే దారిలో నాకు మూడు కంప్యూటర్లున్న చిన్న నెట్ సెంటర్ ఉండేది. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, తెలుగు టైపింగ్ చేసేవాళ్లం. టైపింగంతా సునీతక్క చేసేది. నాకంటే పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చికి పోయి వచ్చాక కూడా పనికి కూర్చునే మనిషి. తెరవైపు తప్ప వేళ్లవైపు చూసేది కాదు.

ఉద్యమం పుణ్యమా అని కరపత్రాల పని ఊపిరాడనిచ్చేది కాదు. ఇవాళ రాస్తారోకో, రేపు వంటావార్పు, ఎల్లుండి బంద్. ప్రతి సంఘం వాళ్లు పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చి గంటలో కావాలనేవారు. తెలుగు అక్షరాల ఫాంట్లు అందరూ ఒకరి దగ్గర ఒకరు ఎక్కించుకునేవారు. తొర్రూరులో ఎక్కించిన పెన్ డ్రైవ్ భూపాలపల్లి దాకా తిరిగి మళ్లీ నా దగ్గరికి వచ్చేది. దానితోపాటు దారిలో అంటుకున్న చెత్తంతా వచ్చేది.

అట్లాంటి ఒక రోజు నేను చేసిన తప్పు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. వంటావార్పు కరపత్రం కోసం వచ్చినవాళ్లు నెత్తిమీద నిలబడి ఉన్నారు. వాళ్ల పెన్ డ్రైవ్‌లో కొత్త ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఏమడుగుతోందో చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాను. చదవకుండా నొక్కొద్దని ఊరందరికీ చెప్పేది నేనే. ఫాంట్లు వచ్చాయి, కరపత్రం అచ్చయింది, వాళ్లు పోయారు.

మర్నాడు రెండో నంబరు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిస్తే మేం పెట్టుకున్న మొదటి పేజీ లేదు. దాని బదులు నీలం రంగు వెతుకుడు పేజీ ఒకటి వచ్చింది. పైన ఎప్పుడూ చూడని బొత్తాల వరుస. ఏం వెతికినా ప్రకటనల పేజీలకు తీసుకుపోతోంది. బ్రౌజర్ హైజాకర్ అంటారు దీన్ని. నా దగ్గర దరఖాస్తు పెట్టుకునే పిల్లలు పొరపాటున ఏ దొంగ పేజీలోనో వివరాలు నింపితే వాళ్ల ఏడాది చదువు గంగలో కలిసినట్టే. అందుకే వెంటనే పనికి దిగాను.

కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి నిన్నటి తేదీతో చేరినవన్నీ తీసేశాను. బ్రౌజర్‌లో అంటుకున్న బొత్తాలను పీకేశాను. మొదటి పేజీని మళ్లీ మామూలుగా పెట్టాను. పాత వెతుకులాటల జాబితా మొత్తం తుడిచాను. అరగంటలో అయిపోయింది. సునీతక్కకు గొప్పగా చూపించాను కూడా.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి వెతికే పెట్టెలో మాటలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో, తరిగొప్పుల కరెంట్ టైమ్ అని.

మాది తరిగొప్పులే. అమ్మ, బాపు అక్కడే ఉంటారు. మూడెకరాల పొలం, ఒక బోరు. అయినా నాకు అప్పుడేమీ అనిపించలేదు. ఆ ఊరి పిల్లలు చాలామంది మా సెంటర్‌కు వచ్చేవారు. ఎవడో కరెంటు వేళల కోసం వెతికి ఉంటాడనుకున్నాను. ఎందుకంటే అప్పుడు ఊళ్లలో అందరి నోటా అదే మాట. సమ్మెతో భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగిపోయింది. పొలాలకిచ్చే త్రీ ఫేజ్ కరెంటు ఏ పూట వస్తుందో, ఎన్ని గంటలుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో తరిగొప్పుల గురించి పిన్‌కోడ్ తప్ప ఏమీ దొరికేది కాదు పాపం.

తుడిచేశాను. బ్రౌజర్ మూసి తెరిచాను. మళ్లీ అవే మాటలు.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. బ్రౌజర్ షార్ట్‌కట్ చివర ఆ పేజీ చిరునామా తోకలా తగిలించి ఉందని కనిపెట్టి కత్తిరించాను. రోజూ ఒక వేళకు దాన్ని మళ్లీ ఎక్కించే ప్రోగ్రాం ఒకటి లోపల దాక్కుని ఉంటే అదీ తీసేశాను. పేజీ ఒక రోజు ఆగేది, మర్నాడు వచ్చేది. వచ్చినప్పుడల్లా పెట్టెలో అవే మూడు మాటలు. అన్నం ముందు కూర్చున్నా బుర్ర అటే పోయేది. నా భార్యతో ఊరికే విసుక్కున్నాను.

సునీతక్కే ఆటపట్టిస్తోందేమోనని కూడా అనుమానించాను. ఒక రాత్రి ఆమె పోయాక ఆ మాటలు తుడిచి, మర్నాడు ఆమె రాకముందే షట్టర్ తీసి చూశాను. ఉన్నాయి. మరి ఆమె కాదు. ఆమెకు నా అనుమానం తెలిసిపోయి ఆ రోజంతా నాతో ముభావంగా ఉంది.

చివరికి ఒక బంద్ రోజు తెగించాను. దుకాణాలన్నీ మూశారు, ఎవరూ రారు. షట్టర్ సగం దించి రెండో నంబరును పూర్తిగా ఫార్మాట్ చేశాను. అంటే లోపల ఉన్నదంతా చెరిపి, సీడీతో అన్నీ కొత్తగా ఎక్కించడం. నెట్ తీగను వెనకనుంచి పీకి బల్లమీద పెట్టాను. పెన్ డ్రైవ్‌లను దగ్గరికి రానివ్వలేదు. వీధిలో కరెంటు పోతే బ్యాటరీ మీద పని పూర్తి చేశాను. అప్పటికి పదకొండున్నర దాటింది. మర్నాటి కరపత్రం కోసం సునీతక్క నడిచే వచ్చి పక్కన టైపు చేస్తోంది.

కొత్తగా ఎక్కిన బ్రౌజర్‌ను మొదటిసారి తెరిచాను.

నీలం పేజీ వచ్చింది. పెట్టెలో తరిగొప్పుల కరెంట్ టైమ్.

నా సీడీ అసలుది కాదు, నిజమే చెబుతున్నాను. ఆ నీలం పేజీ సీడీలోంచే వచ్చి ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. ఆ సీడీకి మా ఊరి పేరు ఎట్లా తెలుస్తుంది? నెట్ తీగ నా కళ్లముందే బల్లమీద ఉంది. నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. బల్లమీద చేత్తో గట్టిగా కొట్టాను. తర్వాత ఆ మాటలు తుడవడానికి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

సునీతక్క టైపింగ్ ఆపి లేచి వచ్చింది. తెరవైపు కాసేపు చూసింది.

"గదేందో అడుగుతున్నది తమ్మీ. వారం సంది నువ్వు తుడుసుడే తుడుసుడు. జర జవాబు చెప్పరాదు?"

ఆమె నవ్వుతూ అనలేదు. నాకు మాత్రం వెక్కిరింతగానే తోచింది. సరే, జవాబే కదా కావాలి, ఇచ్చేస్తే పోతుంది అని ఉక్రోషంతో ఫోన్ తీసి బాపుకు చేశాను. మనసులో ఏదో కీడు శంకించి చేశానని ఎవరైనా అంటే అది అబద్ధం. కేవలం ఒళ్లు మండి చేశాను.

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. ఇంకెవరైనా అయితే వదిలేసేవాణ్ణి. మొండికేసి మళ్లీ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"చేతుల పనున్నప్పుడే చేస్తవేందిరా ఫోను?" అన్నాడు రొప్పుతూ.

కరెంటు ఎన్ని గంటలకిస్తున్నారని అడిగాను. అడుగుతున్నప్పుడు నాకే సిగ్గనిపించింది.

"రెండింటికిరా. గీ వారం మనకు పగటి పూట రెండింటి సంది..."

ఆ మాట పూర్తి కాలేదు. ఫోన్‌లో అటువైపు దూరంగా ఒక మోటార్ గుయ్యిమంది. వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. మా దగ్గర అందరూ స్టార్టర్లకు ఆటోమేటిక్ పెట్టుకుంటారు. కరెంటు వస్తే మనిషి లేకపోయినా మోటార్లు వాటంతట అవే నడుస్తాయి. ఆ చప్పుడు మధ్యలో దగ్గర్లోనే ఫట్ ఫట్ మని ఏదో పేలినట్టు వినిపించింది. తర్వాత బాపు మాట్లాడలేదు.

బాపూ, బాపూ అని ఎన్నిసార్లు పిలిచానో గుర్తులేదు. సునీతక్క నా భుజం పట్టుకుంది.

"వచ్చింది బిడ్డా," అన్నాడు చివరికి. గొంతు బాపుది లాగా లేదు. "గిప్పుడే వచ్చింది."

ఏమైందని అడిగాను.

"ఏం గాలే. జరసేపు ఫోన్ పెట్టకు."

పెట్టలేదు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. ఏం జరిగిందో ఇంకా తెలియకముందే జీవితంలో ఎప్పుడూ లేనంత భయం కలిగింది. గోడమీది గడియారంలో పదకొండూ నలభై అయింది.

వెంటనే బండి తీశాను. జనగామ దాటగానే రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. నేనే అచ్చేసిన కరపత్రాలు చేతుల్లో ఉన్నాయి. మా బాపుకు బాగాలేదని చెబితే గిన్నె పక్కకు జరిపి దారిచ్చారు.

పొలం దగ్గర బాపు వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. స్టార్టర్ డబ్బా నుంచి బోరుకు పోయే కేబుల్‌ను ఎలుకలు కొరికాయట. ఆ ముక్క కోసేసి మళ్లీ కలుపుతున్నాడు. మామూలుగా అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫ్యూజు తీసి పని చేయాలి. రెండింటిదాకా కరెంటు రాదు కదా, అంత దూరం ఎవరు పోతారని పోలేదు. డబ్బాలో స్విచ్ ఎప్పుడో పాడైతే తీగలు నేరుగా కలిపేశారు. వేళలు ముందురోజే మారాయని ఊళ్లో ఎవరికీ తెలియదు.

డబ్బావైపు తీగ కొసను పట్టుకుని, మా దగ్గర అందరూ చేసినట్టే, పైపొరను పళ్లతో ఒలుస్తున్నాడు. ఫోన్ చొక్కా జేబులో ఉంది. చొక్కా వేపకొమ్మకు తగిలించి ఉంది. మొదటిసారి మోగినప్పుడు లేవలేదు. రెండోసారి మోగేసరికి తీగను తడి ఒడ్డుమీద పడేసి తిట్టుకుంటూ చెట్టుదాకా నడిచాడు. ఆ తీగ కొస పడ్డచోట గడ్డి నల్లగా మాడి ఉంది. ఆ నలుపును నా కళ్లతో చూశాను, వంగి చేత్తో తాకి చూశాను. అప్పుడు బాపు పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఎందుకు ఫోన్ చేశావని అడిగాడు. అంతా చెప్పాను. బాపు మాటమాటా విన్నాడు.

"ఆ కంప్యూటర్ డబ్బకు మన కరెంటుతోటి ఏం పనిరా?" అన్నాడు.

నాకూ అదే ప్రశ్న.

మర్నాడు సెంటర్‌కు పోతే సునీతక్క ఇంకో సంగతి చెప్పింది. నేను పరుగెత్తాక ఆమె ఆ పెట్టెలో మాటల పక్కన 11.40 అని టైపు చేసి ఎంటర్ నొక్కిందట. నెట్ లేదు కాబట్టి ఏ పేజీ రాలేదు. పెట్టె మాత్రం ఖాళీ అయిందట. ఆ తర్వాత నీలం పేజీ ఒక్కరోజు కూడా రాలేదు.

తెలిసిన ఇంజినీర్లను ఇద్దరు ముగ్గురిని అడిగాను. పూర్తిగా చెరపలేదేమో అన్నారు. అట్లా అయితే మిగిలిందేమిటో చూద్దామని మూడు రోజులు కూర్చుని వెతికాను. ఆ మాటలు ఎక్కడా దొరకలేదు. ఆ వారంలో మా సెంటర్‌కు వచ్చిన తరిగొప్పుల పిల్లల్ని కూడా ఒక్కొక్కరినీ అడిగాను. మేం వెతకలేదన్నారు. ఎవడైనా వెతికాడే అనుకున్నా, చెరిపిన కంప్యూటర్‌లోకి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఇప్పటికీ ఇదే పని చేస్తున్నాను. హైజాకర్ పట్టిన కంప్యూటర్లు వస్తే తీసేస్తాను, చదవకుండా నెక్స్ట్ నొక్కొద్దని గట్టిగా చెబుతాను. కానీ ఏ పేజీనైనా తుడిచే ముందు పెట్టెలో ఏముందో ఒకసారి చదువుతాను. చదవకుండా చెయ్యి కదలదు.

బాపు పొలానికి ఇప్పుడూ పోతాడు. పగటిపూట నేను ఫోన్ చేస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి, నాలుగడుగులు పక్కకు జరిగి గానీ ఎత్తడు. ఎత్తగానే ఒకే మాట అడుగుతాడు.

"ఏమన్న అడిగిందా బిడ్డా?"

లేదు బాపూ, ఊరికెనే చేసిన, అంటాను. అంటూనే ఒకసారి, ఇప్పటికీ అమ్మకుండా ఉంచుకున్న ఆ రెండో నంబరు కంప్యూటర్ వైపు చూస్తాను.