మా తోడికోడలు, లాగ్ పుస్తకం

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కాలేజీలో ఇచ్చిన పైథాన్ ప్రోగ్రాం లెక్కలేవో చేసుకుంటూ, సున్నా పాయింట్ సున్నా ఐదుకు లాగ్, అంటే సంవర్గమానం, ఎంతని దాన్ని అడిగింది. మిషన్ రెప్పపాటులో మైనస్ ఒకటి పాయింట్ మూడు సున్నా ఒకటి అని మొదలుపెట్టి, వెనకాల ఇంకో బారెడు అంకెలు కుమ్మరించింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నా నోటి నుంచి, ఎవరూ అడగకుండానే, "బార్ టూ పాయింట్ సిక్స్ నైన్ నైన్ జీరో" అని వచ్చేసింది. "బార్ అంటే ఏంది నానమ్మా?" అని ఆ పిల్ల నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మన ఈడు వాళ్లకు బార్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు గానీ, మరిచిపోయిన వాళ్లుంటారని చెబుతున్నాను. ఒకటి కంటే చిన్న సంఖ్యకు లాగ్ చూసినప్పుడు ముందు అంకె నెత్తిన ఒక గీత పెట్టేవాళ్లం కదా, అదే బార్. ఆ ఒక్క అంకే మైనస్, చుక్క తర్వాతివన్నీ ప్లస్. భద్రాచలంలో వాగుల నీటిని కొలిచే ఆఫీసులో నేను చేసిన ఉద్యోగమంతా ఆ గీతల మీదే నడిచింది. ఎండాకాలంలో అడవి వాగులు సన్నబడి, కొలతలన్నీ సున్నా పాయింట్‌తో మొదలయ్యేవి. అట్ట ఊడిపోయిన లాగ్ పట్టికల పుస్తకం ముందేసుకుని, వేలు అడ్డంగా నడుపుకుంటూ, పొద్దుగూకేదాకా లెక్కలు వేసేదాన్ని. నేలకొండపల్లిలో పుట్టి, ఆడపిల్లకు లెక్కలెందుకన్న వాళ్ల నోళ్లు మూయించి చదివినదాన్ని, ఆ మాత్రం గర్వం ఉండదా?

అటువంటి ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చింది, దాని వెనకే మా తోడికోడలూ వచ్చింది. మా మరిది భార్య, కుసుమంచి పిల్ల, ఖమ్మంలో ఆరు నెలల కోర్సు చేసి, ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం మీద చేరింది. ఒకే కిరాయి ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుని, ఇద్దరి టిఫిన్ డబ్బాలూ తనే పట్టుకుని నా వెంట నడిచి వచ్చేది. ఆఫీసు చేరాక మాత్రం తను చల్లటి మిషన్ గదిలోకి, నేను ఫ్యాను కిర్రుమనే హాల్లోకి. ఆ మిషన్ కోసం అందరూ ఆ గది ముందు చెప్పులు విడుస్తుంటే నాకు కడుపు మండిపోయేది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ పిల్ల మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

తన ఆరు నెలలు పూర్తికావచ్చినప్పుడు, పొడిగించాలా వద్దా తేల్చడానికి సూపరింటెండెంట్‌గారు ఒక పరీక్ష పెట్టారు. ఒక కాగితం మీద ఇరవై సంఖ్యలు రాసి, వాటి లాగ్‌లు నన్ను పుస్తకంలో చూడమన్నారు, తనను బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి తీయమన్నారు. ఆ భాషలో లాగ్ అంటే మనం చూసే లాగ్ కాదట, పదికి వచ్చే లాగ్‌తో భాగిస్తే గానీ మనది రాదట. అంత మెలికనూ తను దాటింది. ఒకటికి పైనున్న సంఖ్యలన్నీ నా జవాబులతో అంకె పొల్లుపోకుండా కలిశాయి. ఒకటికి లోపలివి ఒక్కటీ కలవలేదు. నావన్నీ బార్ టూలు, బార్ వన్‌లు, తనవన్నీ మైనస్‌లు. ఇంజనీరుగారు క్యాంపులో ఉన్నారు, సూపరింటెండెంట్‌గారికి లాగ్‌ల గొడవ అంతగా తెలియదు. మిషన్ తప్పు చెప్తోందని హాలంతా వినిపించేలా ప్రకటించింది నేనే.

అన్నం వేళ తను నా బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, గిట్లెందుకు వస్తుందక్కా? నేనేం తప్పు చేసిన?" అని అడిగింది. "నాకేం ఎరుక? నీ మిషన్‌నే అడుగు" అన్నాను.

తను వెళ్లాక ఎందుకో ఒక చీటీ తీసుకుని, ఆ ఇరవైలో ఉన్న సున్నా పాయింట్ సున్నా ఐదుకు నా బార్ టూ జవాబు పట్టుకుని, రెండులోంచి సున్నా పాయింట్ ఆరు తొమ్మిది తొమ్మిది సున్నా తీసేసి చూశాను. ఒకటి పాయింట్ మూడు సున్నా ఒకటి సున్నా. మైనస్ పెట్టుకుంటే అచ్చంగా తన జవాబు. మిషనూ తప్పు చేయలేదు, తనూ తప్పు చేయలేదు. ఒకే జవాబును ఇద్దరం రెండు రకాలుగా రాశాం, అంతే. ఆ సంగతి ఆఫీసు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. లెక్క వేసిన ప్రతి చీటీ మీద తేదీ వేసి పొట్టి సంతకం చేయడం మా ఆఫీసు పద్ధతి. చెయ్యి అలవాటుకొద్దీ అదీ చేసి, చీటీ పుస్తకంలో దోపి, నోరు మూసుకున్నాను. అది మంగళవారం. వచ్చే సోమవారం నాడు తనను పంపించేసే కాగితం మీద సూపరింటెండెంట్‌గారు సంతకం పెట్టాలి. ఆ వారమంతా తను ఇంట్లో బియ్యం ఏరుతూ కూడా అంకెలు గొణుక్కుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆదివారం వంటింటి గడప మీద కూర్చుని, నీ పుస్తకం చూడటం నాకు నేర్పక్కా అని అడిగింది. కాదనడానికి సాకు దొరకలేదు. పేజీ తిప్పబోతే చీటీ తన ఒళ్లో పడింది. లెక్క చూసింది, నా సంతకం చూసింది, తేదీ చూసింది. చీటీని ఉన్న పేజీలోనే పెట్టి, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే లేచి వెళ్లింది.

తెల్లారి సూపరింటెండెంట్‌గారి ముందు తను చీటీ సంగతి ఎప్పుడు బయటపెడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. తను బార్‌కూ మైనస్‌కూ ఉన్న లంకె విడమరిచి చెప్పి, చివర్లో, "మా అక్కనే చెప్పింది సార్, నాకేడ తెలుసు" అంది. తన ఉద్యోగం నిలబడింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. చల్లటి గది మీద అసూయ కొన్నాళ్లకు పోయింది గానీ, ఆ మాట అనగలిగిన మనసు మీద అసూయ ఈ వయసుకీ పోలేదు. అది నాకు ఏ కోర్సులోనూ దొరికేది కాదు. తను ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, తప్పయిందని నేనూ చెప్పలేదు. ఇప్పటికీ ఫోనులో బీపీ మాత్రల గురించే మాట్లాడుకుంటాం.

కాలం ఎంత మారిందో మీరూ చూస్తున్నారు. మా మనవరాలికి లాగ్ కావాలంటే ఒక్క మాట టైపు చేస్తే చాలు, మెలిక పడితే అదీ ఆ మిషనే విప్పి చెబుతుంది. ఒకరి బల్ల దగ్గరికి వెళ్లి అక్కా అని నిలబడే పని లేదు. ఒకరి పక్కన గడప మీద కూర్చునే పనీ లేదు, అది తలుచుకుంటే దిగులే. కానీ మా మనవరాలిని చూసి నాకు కుళ్లు పుట్టేది మాత్రం ఆ మిషన్ వేగానికి కాదు. జవాబు తెలిసి కూడా చెప్పని నాలాంటి మనిషిని ఆ పిల్ల అడగనక్కరలేదు, అందుకు.