వంటింటి దీపం చుట్టూ పద్నాలుగు మంది

మా మేనత్త పొయ్యి మీద పప్పు కలుపుతూ ఉండగా, పద్నాలుగు మంది మగవాళ్లు తాళాలు వాయించుకుంటూ ఆవిడ వంటింట్లోకి వచ్చేశారు. నేను ఎంతో ఆలోచించి, కొలతలు వేసి నడిమధ్య నిలబెట్టిన దీపానికి దండం పెట్టుకున్నారు. ఆ తర్వాత రాముడి పాట ఎత్తుకుని దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఒక పక్క పప్పు ఉడుకుతోంది, ఇంకో పక్క బెల్లం అన్నం అడుగంటడానికి సిద్ధంగా ఉంది, అత్త చేతిలో గరిటె పైకెత్తింది పైకెత్తినట్టే ఉంది. నేను మూల నిలబడి, చేతిలో నా ప్లాను కాగితం పట్టుకుని, ఇందులో ఈ పద్నాలుగు మందికీ చోటు ఎక్కడ గుర్తుపెట్టానో వెతుక్కుంటున్నాను.

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై ఏళ్లు నిండాయి, మా దీవికి రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక ఫ్రెంచి పత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, మా వైపు చెరకు తోటల్లోంచి చొక్కాకి కాలరు పెట్టుకుని రైలెక్కినవాడిని నేనొక్కడినే. అక్షరాలు కూర్చేవాళ్లు పనిచేసే గదిలో దీపాలు ఎలా అమర్చారో రోజూ చూస్తూ ఉండేవాడిని. మనిషి నీడ అక్షరాల పెట్టె మీద పడకుండా, వెలుతురు ఎడమ భుజం మీదుగా వచ్చేలా ఒక్కొక్కరికి ఒక్కో దీపం. అది చూసి చూసి, దీపాల సంగతిలో నన్ను మించినవాడు ఈ దీవిలో లేడన్న నమ్మకం నాకు కుదిరింది. (ఆ గదిలో ఒక్క దీపం కూడా నేను అమర్చింది కాదు. వాటి చిమ్నీలు తుడవమన్నా నాకు చేతకాదు.) ఆఫీసుకు కరెంటు వచ్చిన ఏడాది పాత కిరసనాయిలు దీపాలు పారేస్తుంటే నాలుగు అడిగి తెచ్చుకున్నాను. వాటిని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్న సమయానికి మా మేనత్తకి కష్టం వచ్చింది.

మేనత్త వాళ్లది రోజ్ బెల్ ఊరి దగ్గర. వంటిల్లు ఇంటికి దూరంగా, విడిగా ఉండేది. రేకు గోడలు, చెరకాకు కప్పు, గోడ వారగా మూడు పెద్ద పొయ్యిలు. ఏటా అప్పన్న పూజకి చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ అక్కడే వంట జరిగేది కాబట్టి అది ఇంటికన్నా పెద్దది. ఆ వంటకి ఒక పెద్ద గరిటె ఉంది. పూజనాడు ఎవరు వండుతారో, ఆ గరిటె పసుపు గుడ్డలో చుట్టి ఏడాది పొడుగునా వాళ్ల దగ్గరే ఉంటుంది. పెళ్లయి వచ్చిన రెండో ఏటి నుంచి అది మా అత్త దగ్గరే ఉంది. ఆ గరిటె కోసం ఆవిడ తోటికోడలు, అంటే మా చిన్నత్త, అంతకాలంగానూ ఎదురుచూస్తూనే ఉంది.

దేవుడికి పెట్టకముందు నైవేద్యం రుచి చూడకూడదు కదా. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చెప్పడానికి వీల్లేదు, కంటితో చూసి, చేతి అంచనాతో వెయ్యాలి. అంతకుముందు ఏడాది మా అత్త పప్పులో ఉప్పు వేసింది. కాసేపటికి, వేశానా లేదా అని ఉప్పు కుండలోకి తొంగిచూసింది, మసక చీకట్లో ఏమీ తెలియలేదు, మళ్లీ వేసింది. బంతిలో కూర్చున్నవాళ్లు ఒక్కరూ ఏమీ అనలేదు. ప్రసాదం కదా, తిన్నారు. కానీ నీళ్ల కుండలు రెండుసార్లు నింపాల్సి వచ్చింది. చివర్లో చిన్నత్త చెయ్యి కడుక్కుంటూ, "అప్పన్న సముద్దరం దాటొచ్చినాడు కదా, ఈ ఉప్పు ఆయనకి అలవాటేలే," అంది. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంకొక్క ఏడాది చూద్దాం, మళ్లీ తేడా వస్తే గరిటె చిన్నామెకి ఇచ్చేద్దాం అన్నారు. మా అత్త ఆ మాట విని లోపలికి వెళ్లి గరిటె తోమిందట. తోమిన గరిటెనే మళ్లీ తోమిందని మావయ్య నాతో చెప్పాడు.

ఇక నేను రంగంలోకి దిగాను. ప్రూఫు కాగితం వెనక వంటిల్లు గీశాను. పొయ్యిలు మూడు సున్నాలు, తలుపు ఒక గీత, అత్త ఒక చుక్క. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. మా ఆఫీసులో అక్షరాలు కూర్చేవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కచోటే నిలబడతాడు. మా అత్త ఎక్కడ నిలబడుతుందో తెలిస్తే గాని దీపం ఎక్కడ పెట్టాలో తేలదు.

"అత్తా, వంట చేసేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడతావు?"

"వంటకాడ."

"వంటకాడ ఎక్కడ?"

"పొయ్యి కాడ పొయ్యి కాడ, నీల్ల కాడ నీల్ల కాడ. నివ్వు సదూకున్నోడివి, నీకు తెల్దేటి?"

లాభం లేదని, ఒక ఆదివారం పొద్దున ఆవిడ వంట చేస్తుంటే కాగితం పట్టుకుని వెనకాలే తిరిగాను. ఆవిడ ఆగిన చోటల్లా ఒక చుక్క పెట్టాను. గంట గడిచేసరికి నా వంటింటి బొమ్మ మీద కారప్పొడి చల్లినట్టయింది. ఆవిడ ఆగని చోటు ఒక్కటే కనిపించింది, నడిమధ్య. ఆవిడ ఎటు వెళ్లినా ఆ నడిమి చోటు చుట్టూనే తిరుగుతోంది. చిన్నత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇదంతా చూస్తోంది.

"గెట్ సా," అంది ఎవరితోనో అన్నట్టు, మా దీవి క్రియోల్ భాషలో. సూడండి ఇదేటో అని. "అక్క ఎనకాల కోడిపిల్ల తిరిగినట్టు తిరుగుతన్నాడు. ఒరే నాయినా, మీ అత్తకి కావాల్సింది దీపాలు కాదురా, సూసే కల్లు."

"నీ కల్లు పనికొచ్చినప్పుడు అడుగుతాన్లేయే," అంది మా అత్త, వెనక్కి తిరక్కుండానే.

చివరికి ప్లాను తేలింది. మూడు దీపాలు గోడలకి, పొయ్యికొకటి చొప్పున, వెనక తగరపు రేకు పెట్టి. నాలుగోది నడిమధ్య, కప్పు నుంచి వేలాడదీసి. నాలుగు దీపాల నీడలూ చుక్కల గీతలతో చూపించాను. ఆ బొమ్మ ఇప్పుడు నా దగ్గర లేదు గాని, ఉంటే ఏ ఇంజనీరుకైనా చూపించేవాడిని. మావయ్య దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. నాలుగో దీపం మీద వేలు పెట్టాడు.

"ఇది కప్పుకేనేటి?"

"ఔను మావయ్యా."

"చెరకాకు కప్పుకి లాంపు కట్టీసినావనుకో, ఒక లాంపు కాదు, వొంటిల్లు మొత్తం లాంపయిపోద్ది. ఎస్టేటోళ్లకి కూడా కనిపిస్తాది."

అందుచేత నడిమధ్య ఒక సరుగుడు కర్ర పాతాం. నిలువెత్తు మీద ఇంకో మూర. దాని తల మీద చిన్న పలక కొట్టి, ఆ పలక మీద దీపం. నా ఉద్దేశంలో అది కేవలం వెలుతురు. మా అత్త ఉద్దేశంలో అది కొత్తగా ఇంట్లోకి వచ్చిన వస్తువు. మా ఇళ్లల్లో కొత్త వస్తువు ఏది వచ్చినా, కొడవలి గాని, కుట్టుమిషను గాని, ముందు పసుపు రాసి బొట్టు పెట్టందే వాడరు. పూజకి ముందు రోజు ఆవిడ కర్ర మొదలు చుట్టూ పేడతో అలికింది, ముగ్గు వేసింది, కర్రకి నిలువునా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, పైన బంతిపూల దండ చుట్టింది. పక్కకి నిలబడి చూసుకుంది.

"బాగుందిరా," అంది. "నీ పేరు సెప్పి పెట్టినాను దండ." నాకు చాలా సంతోషం వేసింది. నా పేరు అచ్చులో చూసుకునే రోజు ఇంకా రాలేదు, బంతిపూల దండ మాత్రం వచ్చేసింది అనుకున్నాను.

పూజనాడు మధ్యాహ్నం నుంచే వాన. రోజ్ బెల్‌లో వాన అంటే పైనుంచి కాదు, పక్కనుంచి వస్తుంది. ఇంటి ముందు పందిట్లో భజనకి పెట్టిన దీపం రెండుసార్లు వెలిగించారు, రెండుసార్లూ ఆరిపోయింది. మా వైపు భజన అంటే నడుమ ఎత్తైన దీపం పెట్టి దాని చుట్టూ పాడుతూ తిరగడమే. దీపం లేనిదే భజన లేదు. సాయంకాలం కాగానే మావయ్య వంటింట్లోకి వచ్చి గోడల మీది మూడు దీపాలూ వరసగా తీసుకుని సంకలో పెట్టుకున్నాడు.

"మావయ్యా, అవి ప్లానులో ఉన్నాయి," అన్నాను.

"ఇంటికి వొచ్చినోల్లు సీకట్లో కూకుంటారేటి? నీ ప్లాను రేపు మల్లీ ఏసుకో," అని వెళ్లిపోయాడు.

అలా నడిమి దీపం ఒక్కటే మిగిలింది. ఆ సమయానికే భజన తాత తన మనుషులతో వచ్చాడు. ఆయన మా చుట్టుపక్కల భజనలకి పెద్ద. పొద్దుటి నుంచి ఉపవాసం, పైగా తడిసి ముద్దయి ఉన్నాడు. పందిట్లో దీపం ఆరిపోయి ఉంది. తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి చూస్తే అక్కడ పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి, ముగ్గు నడుమ నిలబెట్టిన దీపం. వాన వల్ల మాకోసం లోపల పెట్టారు కాబోలు, ఎంత బుద్ధిమంతులు అనుకున్నాడట. గుమ్మంలో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. వెనకాల పదముగ్గురూ వచ్చారు.

నేను అడ్డం వెళ్లాను. "తాతా, ఇది వంటింటి దీపం." ఆయన అప్పటికే కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే జాగాలో, "దీపానికి నీదీ నాదీ ఏట్రా," అన్నాడు. మళ్లీ పాటలోకి వెళ్లిపోయాడు. ఒకసారి మొదలైన భజన మంగళం పాడే వరకూ ఆపకూడదు. ఆ తాత పాడే పాటకి చరణాలెన్నో ఆయనకే తెలియాలి.

నేను వేసిన లెక్కంతా ఒక్క మనిషి నీడకి. ఇప్పుడు దీపానికీ పొయ్యిలకీ మధ్య పద్నాలుగు నీడలు తిరుగుతున్నాయి. ఒక్క క్షణం పప్పు కనిపిస్తుంది, మరుక్షణం చీకటి, మళ్లీ వెలుతురు, మళ్లీ చీకటి. ఆ నాలుగు దీపాలూ రాకముందే ఆ వంటిల్లు ఇంతకన్నా నయంగా ఉండేది. అత్త ఎత్తిన గరిటె దించింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "గరిటె పోయినట్టేరా," అంది మెల్లిగా, నాకు మాత్రమే వినబడేలా.

అంతలో బెల్లం మాడే వాసన తగిలింది. ఆవిడ కొంగు నడుముకి దోపి, మద్దెల అతని వెనకాల, తాళాల అతని ముందు, వరసలోకి దూరింది. వాళ్లతో పాటే తిరుగుతూ, వాళ్లతో పాటే పాడుతూ, మొదటి పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడు ఒక తిప్పు, రెండో పొయ్యి దగ్గర ఒక తిప్పు, మూడో దాని దగ్గర ఒక తిప్పు. ఆగడానికి వీల్లేదు, ఆగితే వెనకవాడు తొక్కేస్తాడు. రెండు చుట్లు అయ్యాక చూస్తే చిన్నత్త కూడా వరసలో ఉంది. ఏ పొయ్యిలో మంట తగ్గితే అక్కడ వంగి ఒక కట్టె తోసి మళ్లీ వరసలో కలుస్తోంది. ఆవిడని ఎవరు పిలిచారో నాకు తెలియదు. ఉప్పు కుండ మూడో పొయ్యి పక్కన ఉంది. ఒక చుట్టులో ఒక చెయ్యి ఆ కుండలోకి వెళ్లి, నిండా ఉప్పుతో పప్పు గుండిగ మీదికి రావడం చూశాను. గాజులు కనిపించాయి. ఎవరి గాజులో చూసేలోపు మద్దెల అతని వీపు అడ్డం వచ్చింది.

మంగళం పాడారు. దేవుడికి నైవేద్యం పెట్టారు. ఆకులు వేశారు. మొదటి ముద్ద భజన తాత నోట్లోకి వెళ్తుంటే మా అత్త పందిరి గుంజ పక్కన నిలబడి ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ఆయన నమిలాడు. ఇంకో ముద్ద తీసుకున్నాడు. "అమ్మీ, పప్పు ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు. ఆ రోజు నీళ్ల కుండలు మళ్లీ నింపాల్సిన పని పడలేదు. ఆ పప్పు అంత బాగా అంతకుముందు ఎన్నడూ కుదరలేదని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు ఉన్నారు.

ఆకులు ఎత్తేశాక చిన్నత్త పెద్దల ముందుకి వచ్చింది. "ఉప్పు నేనేసినాను. అక్క ఎయ్యలేదు," అంది.

"అదేటే, నేనేసినాను," అంది మా అత్త. "నా సేత్తో ఏసినాను."

"నివ్వు ఎయ్యలేదని సూసే ఏసినాను."

"నివ్వు సూసినావేటి ఆ సీకట్లో?"

ఇద్దరూ వేసి ఉంటే నిరుటి పప్పే అయ్యేది. ఇద్దరూ వెయ్యకపోతే చప్పగా ఉండేది. పెద్దలు భజన తాతని అడిగారు. "నేను కల్లు మూసుకున్నాను. మో పా కోనే," అన్నాడు ఆయన, తనకి తెలియదని. ఆఖరికి నన్ను అడిగారు. దీపం పెట్టినవాడివి నువ్వే కదా, నీకు కనిపించే ఉంటుంది అన్నారు. ఒక చెయ్యి కనిపించిందని చెప్పాను. చిన్నత్త నవ్వింది, అత్త నవ్వలేదు. గరిటె మా అత్త దగ్గరే ఉండాలనీ, ఇకమీదట పూజ వంటకి ఇద్దరూ పొయ్యిల దగ్గర నిలబడాలనీ పెద్దలు తేల్చారు. అత్త బతికినన్నాళ్లూ ఇద్దరూ అలాగే వండారు. ఒకరు ఉప్పు వేస్తే ఇంకొకరు పైకి లెక్క చెప్పేవారు. ఒకరినొకరు అనుకోని మాట లేదు. తేడా వచ్చిన వంట కూడా లేదు.

తర్వాత నేను ముప్ఫై ఏళ్లకి పైగా పత్రికలో వార్తలు రాశాను. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే గాని ఏ సంగతీ అచ్చు వెయ్యనివ్వని మనిషినని నాకు పేరు కూడా వచ్చింది. ఆ కాలరు చొక్కా కుర్రవాడు ఇప్పుడు ఎదురుపడితే, ఒరే నీ ప్లాను పక్కన పెట్టి ఆ గాజులు ఎవరివో చూడరా అని చెప్పాలనిపిస్తుంది. అత్త పోయే ముందు ఒకసారి అడిగాను, నేనే వేశాను అంది. చిన్నత్తని మొన్న అడిగాను. చూపు పూర్తిగా పోయింది, గొంతు మాత్రం పోలేదు. నేనే వేశాను అంది. ఆ పప్పులో ఉప్పు పడింది ఒక్కసారే.