ఒక్కసారి తాడు గుంజితే...

మా చిన్నప్పుడు... రఫీక్ చాచా మా ఇంటి గోలెం నిండా నీళ్లు పోయించి, స్టీలు గ్లాసు బోర్లించి నిలువునా ముంచేవాడు. గ్లాసు అడుగున ఒక రుమాలు కుక్కి ఉండేది. పైకి తీస్తే అది పొడిగానే వచ్చేది! నేనూ, ఆయన కూతురు షాహీనూ నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

"గ్లాసుల గాలి ఉంటది బేటా. నీళ్లను రానియ్యది. ఎనుకట మనుషులు గిట్లనే గుడిగంట అసొంటి పెద్ద ఇనుప గంటల కూసోని సముద్రంల దిగిన్రు" అనేవాడు.

చాచాది గోదావరిఖనిలో పంక్చర్ షాపు. అంతకుముందు బొంబాయి రేవులో కొన్నాళ్లు పడవల కింద పనిచేసి వచ్చాడట. ఆ ఇనుప గంటల కాలం పోయాక మునిగేవాళ్లకు ఇత్తడి టోపీలు, వాటికి గాలిగొట్టం, పైన పంపు కొట్టేవాళ్లు, బరువు కోసం సీసం బూట్లు... ఆ తర్వాత వీపుమీద సిలిండర్లు. కథలు కథలుగా చెప్పేవాడు. మేమిద్దరం బిందె నెత్తిన బోర్లించుకుని గోలెంలో దిగాం. అమ్మ చీపురు తిరగేసింది, అది వేరే సంగతి.

ఆ ఎండాకాలం చాచా మాకు మాట ఇచ్చాడు. మా బావిలో ఈత నేర్పిస్తానని, అడుగుదాకా మునగడం కూడా నేర్పిస్తానని. మాకు నిద్ర పడితే ఒట్టు! మగపిల్లలంతా ఆ బావిలో దూకి, గుప్పెడు అడుగుమట్టి తెచ్చి మా మొహాల ముందు ఆడించేవాళ్లు. ఆడపిల్లలం... గట్టుమీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాయాలి. ఇప్పుడు తలచుకున్నా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇంతలో బావిలో మోటారు పైపు చివర ఉండే ఫుట్‌వాల్వ్ బురదలో కూరుకుపోయింది. పొలం ఎండుతోంది. మా బాపు చాచాను బతిమాలాడు. "నేను దిగుత కొమురన్నా, ఫికర్ చెయ్యకు. గీ పని కాంగనే పోరిలకు ఈత షురూ" అన్నాడు చాచా.

షాపు నుంచి గాలికొట్టే మిషను ట్రాలీలో వచ్చింది. దానికి పొడుగాటి గొట్టం. చాచా గొట్టం చివర నోట్లో పెట్టుకున్నాడు. మునగడానికి నడుముకు పాత లారీ గేరు చక్రాలు కట్టుకున్నాడు. ఒంటికి తాడు. తాడు రెండో కొస మా బాపు చేతిలో. (దయచేసి ఎవరూ ఇలా చేయకండి... ఆ రోజుల్లో చెప్పేవాళ్లు లేరు.)

మా బాపు గనిలో హాలేజీ ఆపరేటర్. అంటే బొగ్గు డబ్బాలను తాడుతో లాగే యంత్రం ఆయన చేతిలో ఉంటుంది. కింద నుంచి గంట ఒక్కసారి మోగిందంటే... ఆపాలి. మళ్లీ గంట వచ్చేదాకా కదిలించకూడదు. కదిలిస్తే కింద ఎవరి కాలో నలిగిపోతుంది. ఆయన ఒంట్లో నెత్తురుతో పాటు ఆ గంట కూడా పారేది.

చాచా మునిగాడు. బుడగలు వస్తున్నాయి. కాసేపటికి తాడు ఒక్కసారి కదిలింది. బాపు టక్కున తాడు బిగబట్టి నిలబడ్డాడు. బుడగలు తగ్గాయి... ఆగిపోయాయి. గొట్టం ఎక్కడో మడత పడింది.

"బాపూ, బుడగలు ఆగినయి!" అని అరిచాను.

"సప్పుడు చెయ్యకు. పనిల మాట్లాడొద్దు" అన్నాడు.

మళ్లీ ఒక్క గుంజు. "ఆగమంటుండు. ఆగిన గదా!" అన్నాడు బాపు, నీళ్లవైపు చూస్తూ. షాహీన్ "అబ్బా... అబ్బా..." అని వాళ్ల నాన్నను పిలుస్తూ బావిలోకి వంగి ఏడుస్తోంది. నేను దాని జబ్బ పట్టుకుని లాగుతున్నాను.

చాచా ఎలాగో నడుముకున్న చక్రాలు ఊడదీసుకుని పైకి తన్నుకొచ్చాడు. కళ్లు ఎర్రగా... మెట్లమీద పడి దగ్గుతూనే ఉన్నాడు. ఊపిరి అందగానే మొదటి మాట...

"ఒక్కసారి గుంజితే పైకి తియ్యాలె గదన్నా!"

"ఒక్కసారంటే ఆపుడే భాయ్! మా బొగ్గుబాయిల గంతే!"

బొంబాయి రేవులో ఒక లెక్క, బొగ్గుబావిలో ఒక లెక్క. ఇద్దరిదీ తప్పు లేదు. ఇద్దరూ పనిమంతులే. దిగేముందు బీడీ కాల్చారు, మిషను గురించి మాట్లాడుకున్నారు, వానల గురించి మాట్లాడుకున్నారు. ఆ ఒక్క ముక్క మాత్రం అనుకోలేదు!

తీరా చూస్తే వాల్వ్ బురదలోంచి ఊడివచ్చింది. మోటారు నడిచింది. పొలం పారింది. వారం తిరగకముందే ఇద్దరూ కలిసి చాయ్ తాగి, ఆ సంగతే చెప్పుకుని నవ్వుకున్నారు. మాకు మాత్రం... బంద్!

"నీళ్ల దగ్గరికి పోతే కాళ్లు ఇరగ్గొడుత" అన్నాడు బాపు. చాచా కూడా "వద్దు బేటా, నాకే భయమైంది" అని తల అడ్డంగా ఊపాడు. ఎంత ఏడ్చినా వినలేదు. మగపిల్లలు మర్నాడే దూకారు. వాళ్లను ఒక్కరు ఆపలేదు. అలాంటప్పుడు ఒళ్లు మండదా మీరే చెప్పండి?

నిన్న ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. సముద్రం అడుగున, వెలుగు చేరని చోట, చిన్న యంత్రంలో మనుషులు కూర్చుని చేపలను చూస్తున్నారు. షాహీన్‌కు పంపాను. ఇప్పుడు బసంత్‌నగర్‌లో ఉంటుంది. వెంటనే ఫోన్ చేసింది.

"గంత లోతు పోయిన్రు సూడే... మనం బాయిల గూడ దిగకపోతిమి" అంది.

బావి పూడ్చి ప్లాట్లు చేశారు. చాచా లేడు, బాపూ లేడు. పోట్లాడదామన్నా ఎవరూ మిగల్లేదు...

మీలో చిన్నప్పుడు బావి అడుగుదాకా మునిగినవాళ్లు ఉంటే రాయండి. అక్కడ కళ్లు తెరిస్తే ఏం కనబడుతుంది? పచ్చగా ఉంటుందా, చీకటిగా ఉంటుందా? ఇద్దరికీ జుట్టు నెరుస్తోంది... మాకింకా తెలియదు.